రాపిడికి పెట్టిన బొట్టు

దూది ఎర్రగా వచ్చింది.

ఎల్బీనగర్ లోపలి సందులో రేకుల షెడ్డు. షెడ్డు లోపల ఇంకో గది, ప్లైవుడ్డూ అద్దమూ కలిపి కట్టింది. గాలి తగిలితే లెక్క తప్పుతుందని దానికి కిటికీ పెట్టలేదు, ఫ్యానూ పెట్టలేదు. శుక్రవారం మధ్యాహ్నం ఆ ఉక్కలో నిలబడి యాదలక్ష్మి, జిడ్డు కరిగించే అసిటోన్‌లో ముంచిన దూదితో ఖర్జూరం గింజంత లోహపు ముక్కను తుడుస్తున్నది. రెండు పక్కలా ఏటవాలుగా గీసిన ముక్క అది. ఒక పక్క తుడిస్తే దూది మీద పలుచటి ఎర్ర గీత పడింది. రెండో పక్కా అంతే.

ఆ రంగు ఆమె ఎరిగిందే. అత్త అండాలమ్మ నువ్వుల నూనెలో రంగరించిన కుంకుమ.

అద్దం అవతల గౌతమ్ కంప్యూటరు ముందు కూర్చుని ఉన్నాడు. ఇటు చూడలేదు. యాదలక్ష్మి దూదిని ఏప్రాన్ జేబులో కుక్కుకుని, ముక్కను దాని చోట కూర్చోబెట్టి, బయటికి వచ్చి తలుపు వేసింది.

"రండి గారూ, మొదలుపెడదాం," అన్నాడు గౌతమ్. పిల్లాడు కాదు గాని పిల్లాడి మొహం. దిల్‌సుఖ్‌నగర్‌లో పుట్టినా ఇంట్లో గుంటూరు మాటే. యాదలక్ష్మిని పేరు పెట్టి పిలవడానికి మొహమాటపడి ఉత్త 'గారూ' అంటాడు.

షేకర్ మోగింది. తెర మీద అంకె పైకి పాకింది. అరవై దాటింది, డెబ్భై దాటింది. తొంభై నాలుగు దగ్గర ఆగింది.

మూడు వారాల కిందట ఇదే ముక్కకు యాభై రెండు వచ్చింది. ఆ యాభై రెండునే రిపోర్టులో రాసి పంపారు. అడుగున 'పరీక్షించినవారు' అన్న గడిలో సంతకం యాదలక్ష్మిది.

ఇంతకూ ఆ అంకె ఏమిటంటే, విమానం ఇంజను లోపల చక్రం చుట్టూ రెక్కలుంటాయి. వేడి గాలి తోస్తుంటే రెక్క తిరుగుతుంది, తిరుగుతూ వణుకుతుంది. ప్రతి రెక్కకూ దానిదంటూ ఒక వణుకు ఉంటుంది, కంచు పళ్లేనికి దాని మోత దానికున్నట్టు. గాలి తోపు ఆ వణుకుతో జత కలిసిందంటే ఇక ఆగదు. వణికి వణికి రెక్క మొదట్లో పగులుతుంది. ఊడిన రెక్క పక్కదాన్ని కొడుతుంది, అది దాని పక్కదాన్ని. అందుకని రెండు రెక్కల మొదళ్ల నడుమ ఇలాంటి ముక్కను కూర్చోబెడతారు. డ్యాంపర్ అంటారు దాన్ని. చక్రం వడిగా తిరిగేసరికి ముక్క పైకి ఎగదన్ని రెండు రెక్కలకూ ఒత్తుకుంటుంది. రెక్క వణికితే ముక్క రాసుకుంటుంది, ఆ రాపిడిలో వణుకు అరిగిపోతుంది. ముక్క మరీ తేలికైతే పట్టు ఉండదు, ఊరికే జారుతుంది. మరీ బరువైతే రెండిటినీ బిర్రుగా పట్టేస్తుంది. అప్పుడు రాపిడే ఉండదు, రెక్క వణుకు రెక్కకే మిగులుతుంది. నడుమ ఎక్కడో సరైన చోటు ఒకటుంది. దాన్ని వెతకడమే ఈ షెడ్డు పని.

షెడ్డులో చక్రం తిరగదు. రెండు రెక్కలను ఇనుప దిమ్మెకు బిగించి, ముక్కకు సన్నటి తీగలు కట్టి, తీగలను కప్పీల మీదుగా దించి వాటికి ఇత్తడి బిళ్లలు వేలాడదీస్తారు. డ్రాయింగులో ఉన్న ముక్క బరువుకు పద్నాలుగు బిళ్లలు. షేకర్ ఊపుతుంది, రెక్క కొన ఎంత ఊగిందో తెర చెబుతుంది. అరవై మైక్రాన్ల లోపు రావాలి. అంటే తల వెంట్రుక మందం కన్నా కాస్త తక్కువ.

"ఏదో మారింది," అన్నాడు గౌతమ్. "ఏం మారిందండీ? మీరు రోజూ దాని దగ్గరే ఉంటారు కదా. ఏమన్నా తేడా చేశామా?"

యాదలక్ష్మి జేబులో చెయ్యి పెట్టుకుంది. "ఏం లేదు సార్."

అన్నాక గాని తెలియలేదు, ఆ మాటతో వెనక తలుపు పడిందని.

*

పోయిన నెల దసరాకు షెడ్డు పూజకని గంటసేపు తెరిచారు. యజమాని భానుమూర్తి కొబ్బరికాయ కొట్టి, లేతుమీదా డ్రిల్లుమీదా నాలుగు పూలు వేసి, ఇంట్లో చుట్టాలున్నారని వెళ్లిపోయాడు. మిగతా మిషన్లకు బొట్లు పెట్టే పని యాదలక్ష్మి మీద పడింది. పొద్దున్నే అండాలమ్మ చిన్న స్టీలు గిన్నెలో కుంకుమ కలిపి ఇచ్చింది. ఇనుముకు ఉత్త కుంకుమ నిలవదు, నూనె పడాలి.

"పెట్టేది యేడ పెట్టాలెనో ఎరుకేనా?" అని కూడా అడిగింది. "మీ మామ బండికి పైచెక్కకు పెట్టకపోతుండె. ఇరుసుకు పెడుతుండె. నాగలికి మేడికి కాదు, కర్రుకు. పని యేడ అయితదో గాడ పెట్టాలె. మొకానికి పెడితే చూసేటోళ్లకు పెట్టినట్టు."

నల్గొండ పక్క పల్లెలో పుట్టి, డిప్లొమా చదివి, రెండేళ్లు స్టోరు తాళాలు కాపలా కాసి, ఆఖరికి రిగ్గు అనే ఈ పరీక్ష మిషన్ దాకా వచ్చిన మనిషి యాదలక్ష్మి. ఆ మిషన్ మీద ఆమెకు మనసు. దాని పని ఎక్కడ అవుతుందో ఆమెకు తెలిసినంత ఇంకెవరికి తెలుసు? ముక్కను బయటికి తీసింది. రాసుకునే రెండు తలాలకూ ఉంగరపు వేలితో బొట్టు పెట్టింది. మళ్లీ కూర్చోబెట్టి దండం పెట్టుకుంది.

పండుగ మర్నాడు పొడిబట్టతో తుడిచింది. బొట్టు పోయింది గాని, నూనె పొర పోలేదు. అది కంటికి కనబడేది కాదు. పరీక్షకు ముందు నింపే కాగితంలో ఆరో లైను, 'రాసుకునే తలాలు శుభ్రంగా, పొడిగా ఉన్నవి' అన్నదానికి, రోజూ పెట్టే టిక్కు పెట్టింది. అంతకు ముందు దాకా తొంభై ఐదు దగ్గర మొరాయించిన అంకె ఆ రోజు యాభై రెండుకు దిగింది. తలాలను కొత్తగా గీయించడం తన ఆలోచనే కాబట్టి అదంతా దాని మహిమే అనుకున్నాడు గౌతమ్. భానుమూర్తి షెడ్డంతటికీ మైసూర్‌పాక్ పంచాడు.

ఇప్పుడు ఇంజను తయారుచేసే కంపెనీ నుంచి మనుషులు వచ్చి, ఎదుట నిలబడి అదే పరీక్ష చూస్తామన్నారు. సోమవారం. ఆ పరీక్షకు సిద్ధం చేద్దామనే యాదలక్ష్మి ముక్కను అసిటోన్‌తో తుడిచింది. అంకె బాగుంటే, అదే కొలతతో చేసిన అరవై ముక్కలు సాయంత్రానికి ఇంజనులోకి బయలుదేరతాయి. అరవై ముక్కలూ చెక్కపెట్టెలో, భానుమూర్తి కుర్చీ వెనక సిద్ధంగా ఉన్నాయి.

*

శనివారం గౌతమ్ పొద్దుటి నుంచీ బోల్టులు విప్పి బిగిస్తున్నాడు. వైర్లు మార్చాడు. తిండి తినలేదు. వాణ్ని చూస్తూ ఉండలేక యాదలక్ష్మి మెట్లెక్కి భానుమూర్తి గదిలోకి పోయింది. దూది తీసి బల్ల మీద పెట్టి జరిగింది చెప్పింది.

భానుమూర్తి కోప్పడతాడనుకుంది. ఆయన కళ్లజోడు తీసి, దూదిని వెలుతురుకు పెట్టి చూశాడు.

"అంటే నూనె వల్ల తగ్గిందంటావు."

"అవ్ సార్. ముక్క బిర్రుగ పట్టేస్తున్నది. నూనె ఉంటె జెర జారింది, రాపిడి దొరికింది."

"మరింకేం. సోమవారం ఎనిమిదింటికే రా. అదే నూనె, అదే కుంకుమ. పెట్టు, తుడిచెయ్. వాళ్లు తొమ్మిదిన్నరకు గాని రారు."

ఆమెకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. "సార్, ఇంజన్ల ఎనిమిది వందల డిగ్రీల వేడి. నూనె నిమిషం నిలవదు. ఆడ మల్ల తొంభై నాలుగే."

"అక్కడ వాళ్ల పరీక్షలు వాళ్లకుంటాయమ్మా. మన పూచీ ఈ గేటు దాకానే."

"పగిలితే సార్?"

"రిపోర్టు కింద సంతకం ఎవరిది?"

"నాదే."

"ఆరో లైను దగ్గర టిక్కు?"

"నాదే సార్."

"నేను పెట్టమన్నానా బొట్టు? కాయ కొట్టి ఇంటికెళ్లిపోయాను." గొంతు పెంచలేదు. చల్లగా, బంధువుల పిల్లకు చెప్పినట్టే చెబుతున్నాడు. "చూడమ్మా, ఇది బయటపడితే ఏమంటారు? ఆడమనిషికి రిగ్గు అప్పజెబితే కుంకుమ పూసిందంటారు. నీతో పోదు. రేపు ఇంకో ఆడపిల్లెవరొచ్చినా ఆ గది గుమ్మం తొక్కనివ్వరు. నీ మంచికే చెబుతున్నా. గౌతమ్ చెవిన మాత్రం వెయ్యకు, వాడికి కడుపులో మాట నిలవదు."

దూదిని చెత్తబుట్టలో వేశాడు.

చెబితే తేలికవుతుందనుకుని మెట్లెక్కింది. దిగేటప్పటికి దసరా నాటిది పొరపాటు, సోమవారానిది మోసం. మొదటిది తన ఒక్కతెది. రెండోదానికి పైన ఒకడు కాపలా.

హయత్‌నగర్ నుంచి వచ్చే బస్సు నిండుగా వచ్చింది. ముందు ఒకామె వీపు, వెనక ఒకామె సంచి. కొత్తపేట దాకా యాదలక్ష్మి చెయ్యి పైకెత్తి కడ్డీ పట్టుకోవడానికి కూడా సందు దొరకలేదు. పడే వీలు కూడా లేదు కాబట్టి అట్లాగే నిలబడింది.

*

ఆదివారం అండాలమ్మ వాకిట్లో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నది. దిల్‌సుఖ్‌నగర్ సందులో కిరాయి ఇల్లు, వాకిలి అంటే మెట్ల కింద నాలుగడుగుల జాగా. భర్త శ్రీనివాస్ లారీ మీద విజయవాడ పోయాడు.

"అత్తా, దసరాకు కలిపిన కుంకుమ మల్ల కలపాలె."

"ఇప్పుడేం పండుగనే?"

యాదలక్ష్మి చెప్పకూడదనుకుంటూనే మొత్తం చెప్పింది. అండాలమ్మ చిక్కుడుకాయ చేతిలో పట్టుకునే విన్నది. మొదట మొహం వెలిగింది.

"నా బొట్టుకు గంత పెద్ద మిషన్ వణుకుడు ఆపిందా?"

"నీ బొట్టుకు కాదే, నీ నూనెకు."

"నూనె నాది కాదా?"

ఇద్దరూ నవ్వారు. నవ్వు త్వరగానే అయిపోయింది. అండాలమ్మ మళ్లీ ఈనె లాగింది.

"మీ మామ ఒకపారి బండి అమ్మిండు," అంది. "ఇరుసు పగులువట్టింది. నడిస్తె కిర్రుమని ఒకటే మోత. అంగడికి కొట్టుకపోయే ముందల ఆముదం పోసిండు నిండుగ. మోత బందయింది. దేవరకొండ దిక్కు ఆయన కొనుక్కుండు."

"మల్ల?"

"మల్లేంది. రాలే."

"రాకుంటె మంచిదే కదా."

"ఏం మంచిదే. వస్తె తిట్టు, కొట్టు, అయిపోతుండె. ఆయన రాలే. ఇరుసు ఇరిగిందో, యేడ ఇరిగిందో, బండి మీద ఎవలున్నరో. మీ మామ సచ్చేదాక అంగడి దిక్కు పోతె ముందుగాల ఆయన ఉన్నడా అని చూసేటోడు. ఉండాలెనని చూస్తుండెనో, ఉండొద్దనో, నన్నడిగితె నేనేం చెప్త?"

చిక్కుడుకాయల గిన్నె తీసుకుని లోపలికి పోయింది. కాసేపటికి స్టీలు గిన్నెలో కుంకుమ కలిపి తెచ్చి గూట్లో పెట్టింది. "కలపమంటివి, కలిపిన," అంది.

*

సోమవారం ఎనిమిదింటికి భానుమూర్తి ఆమెకన్నా ముందే వచ్చి ఉన్నాడు. గౌతమ్‌ను మెట్రో స్టేషన్‌కు పంపాడు, వచ్చేవాళ్ల కారుకు సందులోకి దారి చూపమని. షట్టరు సగం దించి ఉంది. అద్దం అవతల చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

యాదలక్ష్మి గిన్నె తెరిచింది. వేలు ముంచింది. రెండు తలాలకూ పెట్టి, పొడిబట్టతో తుడిచింది. చేతులు వాటి పని అవి చేస్తుంటే తాను పక్కన నిలబడి చూస్తున్నట్టుంది. ముక్కను కూర్చోబెట్టి, తీగలు లాగి, పద్నాలుగు బిళ్లలూ వేలాడదీసింది. భానుమూర్తి తల ఊపి షట్టరు పూర్తిగా ఎత్తాడు.

వచ్చినావిడ పేరు తేజస్విని. నలభై ఏళ్లుంటాయి. చేతిలో ఒక అట్ట, దానికి బిగించిన కాగితాలు. వెంట కెమెరా పట్టుకున్న మనిషి. మంచినీళ్లు తాగి, కబుర్లు పెట్టుకోకుండా తెర ముందు కూర్చుంది.

షేకర్ మోగింది. అంకె పాకింది. నలభై, నలభై ఎనిమిది. యాభై మూడు దగ్గర నిలబడింది.

గౌతమ్ గట్టిగా ఊపిరి వదిలాడు. మూడు రోజుల తర్వాత వాడి మొహంలోకి నెత్తురొచ్చింది. "బోల్టులండీ," అన్నాడు యాదలక్ష్మి చెవిలో. "నేను అనుకున్నాను. నిన్న రాత్రి మళ్లీ బిగించాను కదా, అదే."

"మంచి పని చేశారు," అంది తేజస్విని. భానుమూర్తి కాఫీ చెప్పడానికి లేచాడు. ఆవిడ అట్ట మీది కాగితం యాదలక్ష్మి వైపు తిప్పి కలం ఇచ్చింది. "పరీక్ష చేసింది మీరేగా. ఎనిమిది లైన్లున్నాయి, ఒక్కో దాని ఎదురుగా మీ చేత్తో అవునని రాయండి. టిక్కులొద్దు."

యాదలక్ష్మి రాసింది. ఒకటోది, బోల్టుల బిగువు. అవును. రెండోది, బిళ్లల లెక్క. అవును. మూడు, నాలుగు, ఐదు.

ఆరో దాని దగ్గర కలం ఆగింది. భానుమూర్తి గుమ్మంలో ఆగి చూస్తున్నాడు. గౌతమ్ ఫోనులో ఎవరికో మెసేజీ పెట్టుకుంటూ తనలో తనే నవ్వుకుంటున్నాడు, బహుశా తల్లి విజయదుర్గకు. రాస్తే వాడి సంతోషం నిలుస్తుంది. రాస్తే పెట్టె బయలుదేరుతుంది. ఆ తరువాత అరవై ముక్కలూ ఎక్కడ ఉన్నాయో, ఏమయ్యాయో ఎవరూ వచ్చి చెప్పరు.

"చేతిరాత బాగోకపోయినా ఫరవాలేదండీ," అంది తేజస్విని.

"ఆరోది రాయలేను మేడం."

"ఎందుకు?"

"తలాలు పొడిగ లేవు. నూనె ఉంది. పొద్దుగాల నేనే పెట్టిన." "దసరా మర్నాడు వచ్చిన యాభై రెండు గూడ నూనెదే. అప్పుడు ఎరుక లేక పెట్టిన. ఇప్పుడు ఎరుకుండి పెట్టిన."

భానుమూర్తి గుమ్మం నుంచి కదలకుండానే, "పూజ చేసుకుంటారండీ మావాళ్లు, అమాయకులు," అన్నాడు. తేజస్విని ఆయన వైపు చూడలేదు. యాదలక్ష్మిని చూసింది.

"కడగండి," అంది. "నా ఎదురుగా."

అందరూ అద్దం అవతలే ఉన్నారు. ఆవిడ ఒక్కతే ఆ ఉక్కగదిలోకి వచ్చి పక్కన నిలబడింది. యాదలక్ష్మి అసిటోన్‌తో మూడుసార్లు కడిగింది. షేకర్ మోగింది. తొంభై నాలుగు.

తేజస్విని తొంభై నాలుగును రాసుకుని, "బిళ్లలు ఒక్కొక్కటీ తియ్యండి," అంది. పదమూడుకు ఎనభై తొమ్మిది. పన్నెండుకు ఎనభై ఒకటి. తొమ్మిది బిళ్లల దగ్గర యాభై ఒకటి వచ్చింది. ఎనిమిదికి మళ్లీ పెరిగింది.

"మీ ముక్క బరువు ఎక్కువ," అంది గౌతమ్‌తో. "మూడో వంతు తగ్గించి కొత్తగా గీయాలి. పెట్టెలో ఉన్నవి పనికిరావు. ఆ రిపోర్టు వెనక్కి తీసుకోండి." గౌతమ్ తల ఊపాడు. ఏమీ రాసుకోలేదు.

ఆవిడ వెళ్లేముందు కాగితం అడుగున నాలుగు లైన్లు రాసి భానుమూర్తి చేత సంతకం పెట్టించింది. పరీక్షలన్నీ మళ్లీ మొదటి నుంచి జరగాలి. మూడు నెలలు. అన్నీ ఒకే మనిషి చేతి మీదుగా జరగాలి. ఆ మనిషి యాదలక్ష్మి. మధ్యలో మార్చరాదు. ప్రతిదానికీ ఎనిమిది లైన్లూ చేత్తో రాయాలి.

"మేడం, నన్ను తీసేసి ఇంకొకలను పెట్టుండ్రి," అంది యాదలక్ష్మి గేటు దగ్గర. "నాతోని కాదు. ఈడ నన్ను..."

"నాకు తెలుసండీ," అంది తేజస్విని. "కానీ రాస్తే తప్పని తెలిసి, ఆగి చెప్పిన చెయ్యి నాకు ఇంకోటి ఎక్కడ దొరుకుతుంది?" కారెక్కింది.

భానుమూర్తి షట్టరు దించాడు. "తీసేద్దామన్నా వీల్లేకుండా చేసుకున్నావు," అన్నాడు, పాత చల్లదనంతోనే. "ఉండు. మూడు నెలలు ఇక్కడే ఉండు. ఆ తరువాత చూద్దాం." మెట్లెక్కి పోయాడు. పైన చెక్కపెట్టెను నేల మీద ఈడ్చిన చప్పుడైంది.

గౌతమ్ కంప్యూటరు ముందు ఇటు తిరక్కుండా కూర్చున్నాడు.

"శుక్రవారం నేను అడిగాను కదండీ. ఏం మారిందని."

"అడిగిండ్రు సార్."

"మూడు రోజులు బోల్టులు విప్పాను."

పొరపాటు అనే మాట శుక్రవారానికి సరిపోదని ఆమెకు తెలుసు. వాడు ఇంకేమన్నా అంటాడేమోనని కాసేపు నిలబడింది. తిట్టినా బాగుండును. వాడు తిట్టలేదు. కొత్త కాగితం తీసి, తేదీ వేసి, బల్ల మీదుగా ఆమె వైపు తోశాడు.

"తొమ్మిది బిళ్లలతో మొదలుపెడదాం, యాదలక్ష్మి గారూ," అన్నాడు. మొదటిసారి పేరు పెట్టి పిలిచాడు, ఎవరో పరాయి మనిషిని పిలిచినట్టు.

యాదలక్ష్మి గదిలోకి పోయి తలుపు వేసుకుంది.